పన్నెండు బొమ్మల ఆలస్యం

మాస్టారు మా జట్టులో చేరిన రోజున ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తోచలేదు. చివరికి నా గదిలోనే ఓ మూల చూపించారు. నేను జాతీయ ఫుట్‌బాల్ జట్టుకి బట్టలూ బూట్లూ చూసుకునేవాణ్ణి. అందరూ నన్ను మూటల బాబాయి అనేవారు. గది నిండా ఉతికిన జెర్సీల బస్తాలు, గాలి తీసిన బంతులు, నొప్పుల మందు వాసన. ఉన్న ఒక్క కిటికీ పక్క గోడకేసి తెరుచుకునేది. ఆయన రెండు బస్తాలు జరిపి, బల్ల మీద రెండు కంప్యూటర్ తెరలు పెట్టుకుని, "గాలి బాగానే వస్తుందండీ" అన్నారు. ఆ గదిలోకి గాలి వచ్చిన రోజు లేదు. ఎవరినీ నొప్పించలేని మనిషి అని నాకు అప్పుడే అర్థమైంది.

ఆయన పదకొండేళ్ళు ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పారు. ఆటలు నేర్పించే మనిషి లేక బడి జట్టు భారం ఆయన నెత్తిన పడింది. బంతిని తిన్నగా తన్నడం ఆయనకి చేతకాదు. అందుకని మేడ మీద కెమెరా పెట్టి ఆట మొత్తం తీసి, ఇంటికి పట్టుకెళ్ళి ఆపి ఆపి చూసేవారు. బంతి ఎక్కడుందో మనందరం చూస్తాం. ఆయన బంతి లేనిచోట ఎవరు ఎలా నిలబడ్డారో చూసేవారు. నాలుగేళ్ళలో ఆ బడి జట్టు చుట్టుపక్కల అన్ని జట్లనీ మట్టి కరిపించింది. ఆ తర్వాత మా జాతీయ జట్టు ఒక పెద్ద పోటీలో మొదటి రౌండులోనే చిత్తుగా ఓడి వస్తే, ఆయన మా ప్రధాన కోచ్‌కి పద్నాలుగు పేజీల ఉత్తరం రాశారు, బొమ్మలతో సహా. కోచ్‌ని మేం పెద్దాయన అంటాం. పెద్దాయన ఒకరి మాట చెవిన పెట్టే రకం కాదు. ఆ ఉత్తరం మాత్రం రెండుసార్లు చదివి, "ఈ లెక్కల పంతులు ఎక్కడున్నా పట్టుకురండి" అన్నారు.

ఉత్తరంలో ఉన్నది కొత్త విద్యేమీ కాదు. ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ అని ఒక నియమం ఉంది. బంతి అందించిన క్షణాన, దాన్ని అందుకోబోయేవాడు ఎదుటి డిఫెండర్లందరినీ దాటి గోల్ వైపుకి వెళ్ళిపోయి ఉండకూడదు. ఉంటే లైన్ మీది రిఫరీ జెండా ఎత్తుతాడు, గోల్ చెల్లదు. మాస్టారు చెప్పిందేమిటంటే, మా నలుగురు డిఫెండర్లు గోల్‌ని కరుచుకుని ఉండటం మానేసి మైదానం మధ్యకి జరిగి నిలబడాలి. ఎదుటివాడు బంతి వదలబోయే ముందు ఒక్కసారిగా నాలుగడుగులు ముందుకొచ్చేయాలి. వాళ్ళ వెనక్కి దూసుకెళ్తున్న ఎదుటివాడు తన ఖర్మానికి తాను ఒంటరిగా ఆఫ్‌సైడ్‌లో మిగిలిపోతాడు. దీన్ని మావాళ్ళు 'తలుపు వెయ్యడం' అనేవారు. నడుమ ఉన్న డిఫెండరు "తలుపు!" అని అరవగానే నలుగురూ ఒకే మనిషిలా కదలాలి. ముగ్గురు కదిలి ఒకడు ఆగాడంటే ఇక మా గోల్‌కీపర్‌ని దేవుడే కాపాడాలి.

ఆ నలుగురిలో ఎడమవైపు వాడు పిచ్చుక. పొట్టి మనిషి, గెంతుతూ పరిగెత్తుతాడని ఆ పేరు. రంగుల ఫ్యాక్టరీలో డబ్బాలు మోస్తూ, డ్యూటీ దిగాక ఆడుతూ, ఇరవై ఆరేళ్ళు నిండాక జాతీయ జట్టు గడప తొక్కాడు. మొదటివారం మాస్టారు నల్లబల్ల మీద గీతలు గీసి పాఠం చెబుతుంటే, "మాస్టారూ, నేను బడి మానేసిందే లెక్కలకి భయపడి. ఇంత దూరం పారిపోయొచ్చి మళ్ళీ మీకే దొరికానా!" అన్నాడు. గదంతా గొల్లున నవ్వింది. అందరికంటే బాగా నేర్చుకున్నది మాత్రం వాడే. సాధన అయ్యాక నా జెర్సీ బస్తాల మీద చతికిలబడి, మాస్టారు కత్తిరించిన వీడియో ముక్కలు ఒక్కొక్కటీ చూసేవాడు. "ఇక్కడ అర అడుగు వెనకబడ్డాను కదండీ?" అని తానే పట్టుకునేవాడు. మాస్టారి మొహం వెలిగిపోయేది. పదకొండేళ్ళ బడిలో అలాంటి విద్యార్థి ఒక్కడూ దొరకలేదని నాతో ఓసారి అన్నారు.

అలా ఆరేళ్ళు. ఆరో ఏట మేం అంతర్జాతీయ పోటీలో ఫైనల్‌కి వెళ్ళాం. మా దేశం అంతకుముందు సెమీఫైనల్ మొహం కూడా చూసి ఎరగదు. పేపర్లలో పెద్దాయన ఫొటోలు, పిచ్చుక ఫొటోలు. మాస్టారి ఫొటో ఎక్కడా రాలేదు. ఆయనకీ ఆ ధ్యాస లేదు.

సెమీఫైనల్ మర్నాడు మధ్యాహ్నం ఆయన హోటల్ గదిలో ఆ ఆట వీడియో పెట్టుకుని కూర్చున్నారు. ఆపి ఆపి చూస్తే సెకనుకి యాభై బొమ్మలు. "తలుపు!" అన్న కేక పడ్డాక ఒక్కొక్క డిఫెండరు మొదటి అడుగు వెయ్యడానికి ఎన్ని బొమ్మలు పడుతోందో లెక్కపెట్టడం ఆయనకి అలవాటు. పిచ్చుకకి ఎప్పుడూ పది పట్టేది. ఆ ఆటలో డెబ్బయ్యో నిమిషం దాటాక ఇరవై రెండు పట్టింది. మళ్ళీ చూశారు. మళ్ళీ ఇరవై రెండే. పన్నెండు బొమ్మలంటే పావు సెకను. మామూలు కంటికి ఆనదు.

హోటల్ వెనక మెట్ల దగ్గర పిచ్చుకని పట్టుకున్నారు.

"ఎడమ తొడ వెనకాల. ఎప్పట్నుంచి?"

పిచ్చుక నవ్వబోయాడు. "అదేంటి మాస్టారూ, కళ్ళా అవి, ఎక్స్‌రే మిషన్లా?"

"నవ్వులాట కాదు. ఎప్పట్నుంచి?"

"క్వార్టర్ ఫైనల్ నుంచండీ. పట్టేసినట్టు ఉంటోంది. మందు రాస్తే సర్దుకుంటోంది."

"డాక్టర్‌కి చెప్పావా?"

"చెప్తే ఆడనిస్తాడా?" వాడు మెట్టు మీద కూలబడ్డాడు. "నాకు ముప్ఫై ఒకటి వచ్చాయి మాస్టారూ. ఇంకో ఫైనల్ నా మొహానికి రాసిపెట్టి ఉందా? మా పాప క్లాసులో అందరికీ చెప్పేసుకుంది, మా నాన్న ఫైనల్ ఆడుతున్నాడని. మీరు తప్ప ఎవరూ చూళ్ళేదు. మీరూ చూళ్ళేదనుకోండి. అంతే. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఛ, లే" అన్నారు మాస్టారు. వాణ్ణి రెక్క పట్టి లేపి, మెట్లెక్కి వెళ్ళిపోయారు.

చాలాకాలం తర్వాత, నేను అడక్కుండానే, ఆయన నాతో ఒక మాట చెప్పారు. "జాలిపడి ఊరుకున్నానని అందరూ అనుకుంటారు బాబాయ్. నిజం అది కాదు. వాడి బదులు దిగాల్సిన కుర్రాడికి తలుపు వెయ్యడం రాదు. వాడు దిగితే పెద్దాయన తలుపు మానేసి నలుగుర్నీ గోల్ ముందు నిలబెట్టేస్తారు. ఆరేళ్ళు కట్టింది ఫైనల్లో చూసుకోకుండానే పక్కన పడేస్తారు. అది నేను ఓర్చుకోలేకపోయాను."

ఫైనల్ రోజు పొద్దున్న సమావేశంలో పెద్దాయన ఎప్పట్లాగే చివరి ప్రశ్న వేశారు. "ఎవరికైనా ఏమైనా ఉందా? ఇప్పుడే చెప్పండి. మాస్టారూ, మీరేమంటారు?"

"అందరూ బాగానే ఉన్నారండీ."

నేను గది చివర మేజోళ్ళు లెక్కపెట్టుకుంటున్నాను. పిచ్చుక తల వంచుకుని బూటు లేసు ముడి వేసుకున్నాడు. అప్పటికే అది వేసి ఉంది.

ఆట సాయంత్రం నాలుగింటికి. ఎండ ఇంకా చురచురలాడుతోంది. మాస్టారు పైన అద్దాల గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. నేను కింద ఆటగాళ్ళ బెంచీ వెనక నీళ్ళ సీసాలతో ఉన్నాను. పై గదికీ బెంచీకీ మధ్య ఒక ఫోను ఉంటుంది. మొదటి సగంలో మావాళ్ళు నాలుగుసార్లు తలుపు వేశారు, నాలుగుసార్లూ జెండా లేచింది. ఎదుటి జట్టు దాడి చేసేవాళ్ళు చేతులు గాల్లోకి విసురుతూ ఒకరినొకరు తిట్టుకున్నారు. ముప్ఫయ్యో నిమిషంలో మేం గోల్ కొట్టాం. విరామం తర్వాత కార్నర్ నుంచి వాళ్ళొకటి కొట్టారు. ఒకటీ ఒకటి.

డెబ్బై రెండో నిమిషంలో ఫోను మోగింది. సహాయ కోచ్ ఎవరినో తిడుతూ గీత దగ్గరికి పోయాడు, అందుకని నేనే ఎత్తాను.

"బాబాయ్, పెద్దాయనకి చెప్పు. ఎడమవైపు..." అని ఆగిపోయారు మాస్టారు.

"ఎడమవైపు ఏంటండీ?"

ఆయన ఊపిరి వినబడుతోంది. "ఎడమవైపు కాస్త చూసుకోమను."

నేను అదే చెప్పాను. "చూస్తూనే ఉన్నాంగా!" అని విసుక్కుంటూ చెయ్యి విదిలించారు పెద్దాయన. నాకు లోపలి సంగతి తెలిసి ఉంటే ఏం చేసేవాణ్ణో ఇప్పటికీ చెప్పలేను.

ఎనభై మూడో నిమిషం. వాళ్ళ మధ్య ఆటగాడు తలెత్తి చూశాడు. మావాడు "తలుపు!" అని అరిచిన అరుపు బెంచీ దాకా వినిపించింది. బంతి నలుగురి తలల మీదుగా వెళ్ళింది. వాళ్ళవాడు ఒంటరిగా దాన్ని అందుకుని మా గోల్‌కీపర్ పక్కనుంచి లోపలికి నెట్టేశాడు. కానీ జెండా లేచింది. మావాళ్ళంతా చేతులెత్తి జెండా చూపించారు. స్టేడియంలో మాకోసం వచ్చిన సగం మంది ఒక్కసారిగా ఊపిరి వదిలారు. నేను సీసా మూత తీసి నీళ్ళు తాగాను.

అప్పుడు రిఫరీ చెవి మీద వేలు పెట్టుకుని నిలబడిపోయాడు.

స్టేడియం కింద ఎక్కడో ఒక గదిలో వీడియో రిఫరీలు అదే బంతిని అన్ని కెమెరాల్లోంచీ చూస్తున్నారన్నమాట. పాదం నుంచి బంతి విడిపోయిన బొమ్మ దగ్గర ఆపి, దాడి చేసేవాడికి ఒక గీత, ఆఖరి డిఫెండరుకి ఒక గీత గీస్తారు. ఆ పని మూడు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. అరవై వేల మంది ఉన్న చోట ఒక పసిబిడ్డ ఏడుపు నాకు స్పష్టంగా వినబడింది.

పైన మాస్టారు ఆ గీతల కోసం ఆగలేదు. తన ల్యాప్‌టాప్‌లో బొమ్మ ఆపుకుని చూశారు. మా ముగ్గురు డిఫెండర్లు ఒక వరసలో ముందుకొచ్చేశారు. ఆ ముగ్గుర్నీ బట్టి చూస్తే ఎదుటి జట్టువాడు ఒక గజం అవతల ఉన్నాడు. లైన్ మీది రిఫరీ చూసిందీ ఆ ముగ్గురినే. కానీ మైదానానికి ఆ చివర, పిచ్చుక ఎడమ కాలు ఇంకా లేవలేదు. మడమ వెనక ఉండిపోయింది. ఎదుటివాడికంటే నాలుగు వేళ్ళ మందం గోల్ వైపుకి. మా జట్టువైపు మనుషుల్లో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఆ మూడు నిమిషాలూ ఇద్దరే. పిచ్చుక తొడ వెనక చెయ్యి పెట్టుకుని నిలబడి, తలెత్తి అద్దాల గది కేసి చూస్తున్నాడు. "ఆ చూపు తిట్టినా బాగుండేది బాబాయ్. నన్ను ఓదారుస్తున్నట్టు చూశాడు" అన్నారు మాస్టారు తర్వాతెప్పుడో.

పెద్ద తెర మీద నీలం గీత, ఎర్ర గీత పడ్డాయి. ఎర్ర గీత పిచ్చుక మడమని ఆనుకుని ఉంది. రిఫరీ మైదానం మధ్యకి చెయ్యి చూపించాడు. గోల్.

రెండు నిమిషాల తర్వాత పిచ్చుక పరిగెత్తబోయి నేలకూలాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే మా జనమే వాడి మీద సీసాలు విసిరారు. రెండు ఒకటితో ఓడిపోయాం.

విలేకర్ల ముందు పెద్దాయన ఒక్క మాట అన్నారు: "ముగ్గురు వచ్చారు, ఒకడు రాలేదు." ఆ మాట చాలు. మర్నాడు అన్ని పేపర్లలోనూ పిచ్చుక మడమే, పక్కన ఎర్రగీతతో. టీ కొట్టు దగ్గర, బస్సులో, క్షౌరశాలలో అందరూ ఆ మడమ గురించే. ఎవరో వాడి ఇంటి ముందు రోడ్డు మీద సున్నంతో అడ్డగీత గీసిపోయారు. వాళ్ళావిడ కడిగేస్తే ఇంకొకరు వచ్చి గీశారు. కొన్నాళ్ళకి కడగడం మానేసింది. పాపని బడి మాన్పించారు.

పిచ్చుక ఎవరికీ జవాబు చెప్పలేదు. చెప్పాలంటే దాచిన సంగతి చెప్పాలి. ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. తొడ వెనక కండరం ఎముక నుంచి ఊడిపోయిందన్నారు. నడవగలడు గానీ ఆట మాత్రం ముగిసింది.

ఆ వార్డులోనే మాస్టారి భార్య నర్సుగా చేస్తోంది. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, చేతిసంచి కూడా కింద పెట్టకుండా అడిగింది.

"ఆ కండరం ఒక్కరోజులో తెగింది కాదట. వారం పది రోజుల్నుంచీ చిరుగుతూ ఉండి ఉంటుందని డాక్టరుగారు అంటున్నారు. మీకు కనపళ్ళేదా?"

మాస్టారు తల తిప్పుకున్నారు.

"పక్కింటాయన నడక చూసి మోకాలి నొప్పి కనిపెట్టిన మనిషి మీరు. నా మొహం చూసి చెప్పండి. కనపళ్ళేదా?"

"కనపడింది."

ఆవిడ చేతిసంచి కింద పెట్టింది. "వాడికి రోజూ కట్టు మార్చేది నేనే. ఒక్కసారి కూడా మీ పేరు ఎత్తలేదు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు.

నెల తర్వాత మా ఫుట్‌బాల్ సమాఖ్య విచారణ సంఘం వేసింది. ముగ్గురు పెద్దమనుషులు, పొడవాటి బల్ల, కుర్చీల మీద తెల్లటి తువ్వాళ్ళు. ఫలితం మారదని వాళ్ళకీ తెలుసు. పరువు దక్కించుకోవాలి, అంతే. మాస్టారిని పిలిచి, టైపు చేసి ఉన్న కాగితం ముందుకు తోశారు. వీడియో రిఫరీలు తప్పు బొమ్మ దగ్గర ఆపారనీ, రెండు బొమ్మలు తర్వాత ఆపి ఉంటే అది ఆఫ్‌సైడేననీ, జట్టు నిపుణుడిగా ధ్రువీకరిస్తున్నాననీ దాని సారాంశం.

"సంతకం పెట్టండి మాస్టారూ" అన్నాడు అధ్యక్షుడు. "మీవాడి పరువూ దక్కుతుంది, మన పరువూ దక్కుతుంది."

మాస్టారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. సంతకం పెడితే పిచ్చుక ఇంటి ముందు గీత చెరిగిపోతుంది. మరెక్కడో, ఆ గదిలో బొమ్మ ఆపిన మనిషి ఇంటి ముందు గీత పడుతుంది. ఆ మనిషి పని సరిగ్గా చేశాడని అందరికంటే బాగా తెలిసినవాడు మాస్టారే.

"బొమ్మ సరిగ్గానే ఆపారండీ. బంతి పాదం వదిలింది అక్కడే. గీతలో తప్పు లేదు" అన్నారు. "పిచ్చుక కాలు సెమీఫైనల్ నాటికే బాగాలేదు. నాకు తెలుసు. నేను చెప్పలేదు. తప్పు నాది."

పక్కనే కూర్చున్న పెద్దాయన కుర్చీలోంచి లేచారు. "ఒక్క మాట! ఒక్క మాట నా చెవిన వేసుంటే ఆఖరి ఇరవై నిమిషాలు వాణ్ణి తీసేసేవాణ్ణి కదయ్యా!"

నిజం చెప్పి బయటికి వచ్చినప్పుడు మనసు తేలికపడిందని ఆయన ఒప్పుకున్నారు. ఆ తేలికదనం మూడు రోజులు ఉంది. నాలుగో రోజు విచారణ నివేదిక పేపర్లకి ఎక్కింది. అందులో ఆయన గురించి ఒక వాక్యం. పిచ్చుక గురించి ఒక పేరా. 'గాయాన్ని దాచి, జట్టునీ దేశాన్నీ మోసగించిన ఆటగాడు' అని. అప్పటిదాకా వాడు చేతకానివాడు. ఇప్పుడు మోసగాడయ్యాడు. ఆ వారమే వాడి ఇంటి కిటికీ అద్దాలు పగిలాయి.

పిచ్చుక భార్య మాస్టారికి ఫోన్ చేసింది. అరవలేదు.

"అన్నయ్యగారూ, ఆ మాట చెప్పేముందు మా ఆయన్ని ఒక్కసారి అడగాలనిపించలేదా మీకు?"

"లేదమ్మా. నేను... నా తప్పు ఒప్పుకోవాలని..."

"మీ గుండె బరువు దింపుకున్నారు. బాగుంది. అది తెచ్చి మా గుమ్మంలో దింపారు." ఫోన్ పెట్టేసింది.

సమాఖ్య మాస్టారిని తీసేసింది. తెరలు నా గదిలోనే వదిలేసి, ఒక్క చేతిసంచితో వెళ్ళిపోయారు. పాత విద్యాశాఖ ఆయన్ని మళ్ళీ తీసుకుంది గానీ, వేరే బడిలో వేశారు. అక్కడివాళ్ళు ఆటల బాధ్యత తీసుకోమని అడిగితే చేతులు జోడించి వద్దన్నారు. ఇంట్లో టీవీలో ఆట వస్తుంటే లేచి వంటింట్లోకి వెళ్ళేవారు. ఏడాదిలో పదేళ్ళ ముసలితనం మీద పడింది. పెద్దాయన కూడా ఎక్కువకాలం నిలవలేదు. కొత్త కోచ్ వచ్చి తలుపు సంగతి ఎత్తొద్దన్నాడు.

పిచ్చుక కుటుంబం ఊరు మారింది. అక్కడో రంగుల ఫ్యాక్టరీ గేటు దగ్గర, లోపలికొచ్చే లారీల నంబర్లు రాసుకునే పని దొరికింది. కూర్చుని చేసే పని. ఆ చిరునామా నేనే సంపాదించి మాస్టారికి ఇచ్చాను. జేబులో పెట్టుకుని ఎనిమిది నెలలు తిరిగారు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కారు.

తలుపు తీసిన వాళ్ళావిడ సగం రెక్క పట్టుకునే నిలబడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. లోపలినుంచి పిచ్చుక కుంటుతూ వచ్చి, "పదండి, బయట కూర్చుందాం" అన్నాడు. ఇంటిముందు పిట్టగోడ మీద కూర్చున్నారు. ఎండగా ఉంది. చాలాసేపు లారీల గురించీ, ఆ ఊరి నీళ్ళ ఎద్దడి గురించీ మాట్లాడుకున్నారు.

"నన్ను క్షమించగలవా?" అని అడిగారు మాస్టారు.

పిచ్చుక తన ఎడమకాలు రెండు చేతులతో ఎత్తి సర్దుకున్నాడు.

"ఆ రోజు మీరు పెద్దాయనకి చెప్పేసుంటే మీ మొహం జన్మలో చూసేవాణ్ణి కాదు మాస్టారూ. ఒట్టు. చెప్పకుండా ఊరుకున్నందుకు రోజూ తిట్టుకుంటున్నా. తర్వాత చెప్పినందుకు ఇంకా తిట్టుకుంటున్నా. మీరేం చేసుంటే తిట్టుకోకపోయేవాణ్ణో ఎంత ఆలోచించినా తోచట్లేదు." కాలు నిమురుకుంటూ, "అడిగింది నేనే కదా" అన్నాడు.

పిచ్చుక గోడ మీదినుంచి దిగాడు. "రెండింటికి డ్యూటీ. ఆదివారమైనా లారీలు ఆగవు. మీ బస్సు అటు మలుపు దగ్గర ఆగుద్ది, ఇటు రాదు" అని దారి చూపించి లోపలికి వెళ్ళాడు.

ఇంటికొచ్చాక భార్య అడిగిందట, "కలిశారా?" అని.

"కలిశాను."

"ఏమన్నాడు?"

"డ్యూటీకి టైమైందన్నాడు."

ఆవిడ కంచం పెట్టి, ఎదురుగా కూర్చుని, ఆయన తినడం పూర్తయ్యేదాకా అక్కడే ఉంది.